చెరువులో చేపలెన్ని? పట్టుబడిని బట్టి లెక్కకట్టే పద్ధతుల్లో ఏది ఎవరికి

"ఈ చెరువులో చేపలు ఎన్ని ఉంటాయి?" అని చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ముఖ్యంగా ముగ్గురు అడుగుతారు. చెరువు లీజుకు తీసుకోబోయే మత్స్యకార సంఘం వాళ్లు, వదిలిన చేపపిల్లల్లో ఎన్ని బతికాయో తెలుసుకోవాలనుకునే అధికారులు, ప్రాజెక్టు రాయాల్సిన జువాలజీ, ఫిషరీస్ విద్యార్థులు. ప్రశ్న ఒకటే అయినా ముగ్గురికీ కావాల్సిన జవాబు ఒకటి కాదు. సంఘానికి అంకె కావాలి, ఎందుకంటే దాని మీద డబ్బు పెడుతున్నారు. అధికారికి పోయినేడాది కంటే పెరిగాయా తగ్గాయా అన్నది తెలిస్తే చాలాసార్లు సరిపోతుంది. విద్యార్థికి అంకెతో పాటు అది ఎంత నమ్మదగిందో కూడా చెప్పగలగాలి.

పద్ధతి ఎంచుకునే ముందు ఈ సంగతి తేల్చుకోండి. "ఎన్ని" అని తెలుసుకోవడానికి ఖర్చు, శ్రమ ఎక్కువ. "పెరిగాయా, తగ్గాయా" అని తెలుసుకోవడం చాలా తేలిక. రెండోది చాలినచోట మొదటిదాని కోసం డబ్బు తగలేయడం, మొదటిది అవసరమైనచోట రెండోదానితో సరిపెట్టుకోవడం, ఈ రెండూ నష్టమే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. చెరువు అలా కాదు. కొర్రమేను గట్టు వార గడ్డిలో ఉంటుంది, బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది, ఎర్రమోసు అడుగున మేస్తుంది. ఎక్కడ వల వేశారు, ఏ వల వేశారు, ఎప్పుడు వేశారు అన్నదాన్ని బట్టి మెతుకు మారిపోతుంది. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ తేడాను ఏదో ఒక దారిలో సర్దుకోవడానికి పుట్టినవే.

వలకు ఎంత పడింది: తేలికైనదీ, ఎక్కువగా మోసపోయేదీ

పడిన చేపను వేట శ్రమతో భాగించడం మొదటి పద్ధతి. శ్రమ అంటే ఎన్ని వలలు, ఒక్కోటి ఎంత పొడవు, ఎన్ని గంటలు నీళ్లలో ఉన్నాయి అన్నది. ఫిషరీస్ వాళ్లు దీన్ని సీపీయూఈ (క్యాచ్ పర్ యూనిట్ ఎఫర్ట్) అంటారు. వంద మీటర్ల గిల్ నెట్‌కు (చేప మొప్పల దగ్గర ఇరుక్కునే వల) ఒక రాత్రిలో ఎన్ని చేపలు పడ్డాయి, ఇదే కొలత. చెరువులో చేపలు సగమైతే వలకు పడేది కూడా సగమవుతుందన్న నమ్మకం మీద ఇది నడుస్తుంది.

ఖర్చు దాదాపు లేదు. ఎలాగూ వల వేస్తారు, పడినదాన్ని రాసుకుంటే చాలు. అందుకే ప్రపంచమంతా వాడుతుంది. కానీ ఆ నమ్మకం తప్పిపోయే దారులు చాలా ఉన్నాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కథ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 1980ల్లో పెద్ద ట్రాలర్లకు (వల లాక్కుంటూ వెళ్లే నౌకలకు) గంటకు పడే చేప బాగానే కనిపించింది. చేపలు తగ్గుతున్న కొద్దీ మిగిలినవి కొన్ని చోట్ల గుంపు కట్టాయి, ట్రాలర్లు నేరుగా ఆ గుంపుల దగ్గరికే వెళ్లాయి. పరిశోధన నౌకలు ముందే తీసుకున్న ప్రణాళిక ప్రకారం గుంపులు లేనిచోట కూడా వలలాగి చూస్తే అంత మంచి లెక్క రాలేదు. చివరికి 1992 జులైలో ఆ వేటనే ఆపేయాల్సి వచ్చింది, వేలాది మంది జీవనాధారం పోయింది. జాలరి చేపలున్న చోటికే వెళ్తాడు, అది అతని నేర్పు. ఆ నేర్పే లెక్కను పాడుచేస్తుంది. కాబట్టి సంఘం వాళ్ల రోజువారీ పట్టుబడిని మాత్రమే నమ్ముకోకుండా, చెరువులో చీటీలు వేసి ఎంచుకున్న నాలుగైదు చోట్ల, పడినా పడకపోయినా, ప్రతిసారీ అదే వల వెయ్యాలి.

మన దగ్గర ఇంకో పెద్ద చిక్కు ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే. మన చెరువులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతాయి. మంచి ఏడాదైతే మరవ (అలుగు) పోతాయి. ఆ తర్వాత తూము తీస్తారు, ఎండలు ముదురుతాయి, ఏప్రిల్, మే నాటికి నడుమ గుంట మాత్రం మిగులుతుంది. చేపల సంఖ్య మారకపోయినా నీళ్లు తగ్గేసరికి అవి దగ్గరదగ్గరగా చేరతాయి, వలకు ఎక్కువ పడతాయి. జనవరిలో 40 హెక్టార్ల నీళ్లున్నప్పుడు వలకు 12 చేపలు పడ్డాయి, ఏప్రిల్‌లో 10 హెక్టార్లకు కుంగినప్పుడు 30 పడ్డాయి అనుకోండి. పైకి చూస్తే రెండున్నర రెట్లు పెరిగినట్టు. నీటి విస్తీర్ణంతో గుణిస్తే జనవరిలో 480, ఏప్రిల్‌లో 300. అంటే మూడో వంతుకు పైగా తగ్గాయన్నమాట. చేపలు నీళ్లంతా సమానంగా పరుచుకుని ఉండవు కాబట్టి ఈ గుణకారం కూడా పూర్తి నిజం కాదు. అయినా విస్తీర్ణం రాసుకోకుండా వలకు పడినదాన్ని మాత్రమే పోల్చితే జవాబు తలకిందులవుతుంది. వీలైతే ఈ ఏడాది జనవరిని వచ్చే ఏడాది జనవరితో, అదే నీటిమట్టం దగ్గర పోల్చండి. జనవరిని ఏప్రిల్‌తో పోల్చకండి.

వల కన్ను సైజు కూడా మర్చిపోకూడదు. గిల్ నెట్ తన కన్నుకు సరిపోయే చేపనే పడుతుంది. చిన్నది దూరిపోతుంది, పెద్దది ఇరుక్కోదు. ఒక్క కన్నుతోనే వేస్తే మీరు లెక్కపెడుతున్నది చెరువును కాదు, ఆ సైజు చేపల్ని. మూడు నాలుగు కన్ను సైజుల వలలు కలిపి వేస్తే చెరువు సంగతి కొంత తెలుస్తుంది.

గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టడం

కొన్ని చేపల్ని పట్టి గుర్తు పెట్టి వదిలేస్తారు. కొన్ని రోజులయ్యాక మళ్లీ పట్టి, అందులో గుర్తున్నవి ఎన్నో చూస్తారు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890ల్లో ప్లేస్ అనే బల్లపరుపు చేపలకు గుర్తులు వేశాడు, ఆ పేరే పద్ధతికి నిలిచింది. 1930లో అమెరికాలో లింకన్ బాతుల మీద ఇదే లెక్క వాడాడు. అందుకే పుస్తకాల్లో రెండు పేర్లూ కలిపి కనిపిస్తాయి.

లెక్క ఇలా ఉంటుంది. 200 చేపలకు గుర్తు పెట్టి వదిలారు. రెండోసారి 300 పట్టారు, వాటిలో గుర్తున్నవి 24. అప్పుడు 200 × 300 ÷ 24, అంటే 2,500 చేపలు. తక్కువ సంఖ్యలతో ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి 1951లో చాప్‌మన్ చెప్పిన సవరణ వాడతారు: 201 × 301 ÷ 25, అందులోంచి 1 తీసేస్తే 2,419.

ఇక్కడే విద్యార్థులు ఆగిపోతారు, ఆగకూడదు. 24 అన్నది అదృష్టం మీద కూడా ఆధారపడిన అంకె. ఆ ఊగిసలాటను లెక్కలోకి తీసుకుంటే నిజమైన సంఖ్య సుమారు 1,700కూ 3,900కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే 100కు గుర్తు పెట్టి, 150 పట్టి, 6 మాత్రమే తిరిగి దొరికితే? 100 × 150 ÷ 6, మళ్లీ 2,500. కానీ ఇప్పుడు నిజం 1,150కూ 6,800కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండు రిపోర్టుల్లోనూ 2,500 అనే ఉంటుంది, వాటి విలువ మాత్రం ఒకటి కాదు. తిరిగి దొరికిన గుర్తు చేపలు ఇరవై దాటేలా ముందే ప్లాన్ చేసుకోలేకపోతే ఈ పద్ధతి మొదలుపెట్టొద్దని నా సలహా. ఒక్క విడతలో అన్ని దొరకవనిపిస్తే వరసగా నాలుగైదు విడతలు పట్టి, ప్రతిసారీ కొత్తవాటికి గుర్తు పెట్టి కలిపి లెక్కకట్టే దారి ఉంది. దాన్ని 1938లో ష్నాబెల్ చెప్పింది.

ఏ పొరపాటు లెక్కను ఎటు లాగుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. గుర్తు పెట్టిన చేపలు చనిపోయినా, గుర్తు ఊడిపోయినా తిరిగి దొరికేవి తగ్గుతాయి, అంచనా పెరుగుతుంది. ఒకసారి వలలో పడిన చేప భయంతో వలకు దూరంగా ఉన్నా అంతే. గుర్తు చేపలన్నిటినీ తూము దగ్గరే వదిలేసి మళ్లీ తూము దగ్గరే పట్టారనుకోండి, అవే ఎక్కువ పడతాయి, అంచనా తగ్గిపోతుంది.

అందుకే గుర్తు పెట్టే చేపను గిల్ నెట్‌తో పట్టకూడదు. మొప్పలు తెగి, పొలుసు రాలిన చేప రెండు రోజులు బతకడం కష్టం. లాగుడు వలతో తెల్లవారుజామున, నీళ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టండి. పొత్తికడుపు కింద రెక్క కొస కాస్త కత్తిరిస్తే చాలు, చవకైన గుర్తు అది. కానీ కొన్ని వారాల్లో మళ్లీ పెరిగిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు. వదిలేటప్పుడు పుట్టిలో తిరుగుతూ చెరువంతా వదలండి. వారం పది రోజులాగి, ఈసారి వేరే రకం వలతో పట్టండి.

పట్టుకుంటూ పోయి, తగ్గే తీరు చూడటం

మన చెరువులకు నేను ముందుగా చెప్పేది ఈ పద్ధతే. వరసగా రోజూ అదే శ్రమతో పట్టండి, పట్టినవి తిరిగి వదలకండి. రోజురోజుకూ పడేది తగ్గుతుంది. ఎంత పడితే ఎంత తగ్గిందో చూసి, సున్నాకు చేరేసరికి మొత్తం ఎన్ని పట్టి ఉంటామో లెక్కకట్టొచ్చు. 1939లో లెస్లీ, డేవిస్ అనే ఇద్దరు సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో ఎలుకల సంఖ్య తేల్చడానికి ఇలా లెక్క వేశారు. 1947లో డెల్యూరీ దాన్ని చేపల వేటకు అన్వయించాడు.

20 వలలతో మొదటి రోజు 400, రెండో రోజు 320, మూడో రోజు 256 పడ్డాయనుకుందాం. వలకు 20, 16, 12.8. మొదటి 400 తీశాక వలకు 4 తగ్గింది, అంటే ప్రతి వంద చేపలకూ వలకు ఒకటి చొప్పున. తర్వాతి 320కి 3.2 తగ్గింది, అదే వరస. వలకు 20 పడే చోటు నుంచి సున్నాకు రావాలంటే 2,000 చేపలు తీయాలి. మొదట చెరువులో ఉన్నవి 2,000. గ్రాఫ్ పేపరు మీద స్కేలు పెట్టి గీత గీసినా ఇదే వస్తుంది, కంప్యూటరు అక్కర్లేదు.

సంఘం ఎలాగూ చేప పట్టి అమ్ముతుంది. గుర్తు పెట్టే పని లేదు, చేప వృథా కాదు. పైగా వేసవిలో గుంట అడుగంటినప్పుడు మిగిలినదంతా పట్టేస్తారు. ఆ చివరి పట్టుతో మీ అంచనాను సరిచూసుకోవచ్చు. సముద్రం మీద పనిచేసే శాస్త్రవేత్తలకు ఎన్నటికీ దొరకని అవకాశం ఇది. మార్చిలో 2,000 అని లెక్కకట్టి, అప్పటి నుంచి తీసినవీ చివర పట్టినవీ కలిపితే 2,600 వచ్చాయంటే మీ వలకు కొన్ని చేపలు అందడం లేదని తెలిసినట్టే. రెండు మూడేళ్లు ఇలా సరిచూస్తే మీ చెరువుకు, మీ వలలకు ఎంత తేడా వస్తుందో అలవాటైపోతుంది.

బలహీనతలు రెండున్నాయి. పడే చేప గట్టిగా తగ్గకపోతే ఈ లెక్క నిలబడదు. రెండు రోజుల లెక్కలో మొదటి రోజు 400, రెండో రోజు 360 పడితే అంచనా 4,000. 360కి బదులు 380 పడితే 8,000. ఇరవై చేపల తేడాకే జవాబు రెట్టింపైంది. ఉన్నవాటిలో కనీసం ఐదో వంతు, వీలైతే మూడో వంతు కొన్ని రోజుల్లోనే పట్టగలిగే శక్తి ఉంటేనే దీన్ని ఎంచుకోండి. అందుకే నిండు చెరువుకు కాదు, ఫిబ్రవరి తర్వాత నీళ్లు తగ్గిన చెరువుకు ఇది సరిపోతుంది. రెండోది, తేలిగ్గా దొరికే చేపలు ముందు పడిపోతాయి, గడుసువి మిగులుతాయి. దాంతో పడేది తొందరగా తగ్గి, అంచనా నిజం కంటే తక్కువ వస్తుంది. లీజు పాటకు మాత్రం తక్కువ వచ్చే పొరపాటే కొంత నయం, చెరువు మీద లేనిపోని ఆశ పెట్టుకోకుండా కాపాడుతుంది.

లెక్క వేసే రోజుల్లో కొత్త చేప రాకూడదు, ఉన్నది పోకూడదు. ఈ నియమం పై రెండు పద్ధతులకూ వర్తిస్తుంది. మరవ పోతున్నప్పుడు, కాలువ నీళ్లు వస్తున్నప్పుడు చేయకండి. రోహు, బొచ్చె, ఎర్రమోసు నిలవనీటి చెరువులో గుడ్లు పెట్టవు. కాబట్టి వదిలిన పిల్లల లెక్క మీ దగ్గరుంటే మీ అంచనా దాన్ని మించకూడదు, మించిందంటే ఎక్కడో తప్పుంది. జిలేబి చేప అలా కాదు, చెరువులోనే పిల్లలు పెడుతూ పోతుంది. దాన్ని వేరే వరసలో రాసుకోండి. నీటికాకుల గుంపు దిగిన చెరువులో చిన్న చేపల లెక్క రోజుల్లో మారిపోతుంది, అది కూడా గమనించి రాయాలి.

ఎకో సౌండర్ కొందామా?

చాలా సంఘాల వాళ్లు అడుగుతారు. చెరువుకైతే వద్దు. శబ్ద తరంగాలు పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేపను గుర్తించే ఈ పరికరానికి ఉపరితలానికీ, అడుగుకూ దగ్గరున్న చేపలు సరిగా కనిపించవు. రెండు మూడు మీటర్ల లోతు చెరువులో ఆ రెండూ పోతే ఇక మిగిలేది తక్కువే. తుమ్మ మొద్దులు, నీటి మొక్కలు కూడా చేపల్లాగే కనిపిస్తాయి. ఏ జాతి చేపో అది చెప్పలేదు, ఎలాగూ వల వేసి చూడాల్సిందే. పడవకు తగిలించుకునే చవక ఫిష్ ఫైండర్ చేప ఉందని చూపిస్తుందే తప్ప ఎన్నో లెక్క చెప్పదు. లెక్క చెప్పే శాస్త్రీయ పరికరాలు లక్షల్లో ఉంటాయి. లోతైన పెద్ద జలాశయంలో, చేపలు గుంపులు విడిపోయి తిరిగే రాత్రి వేళ, నేర్చినవాళ్లు చేస్తే మంచి ఫలితమిస్తుంది.

పులికాట్ సంగతి వేరు

సూళ్లూరుపేట, తడ వైపు వాళ్లు చెరువుల పద్ధతుల్ని పులికాట్‌కు తీసుకెళ్లకూడదు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది. సముద్రం ముఖద్వారాల గుండా చేప, రొయ్య లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. వానాకాలంలో కాళంగి వంటి నదులు మంచినీళ్లు తెచ్చిపోస్తాయి, ఉప్పదనం మారుతుంది, దానితోపాటు జాతులూ మారతాయి. మీరు గుర్తు పెట్టిన చేప పదిరోజుల్లో సముద్రంలో ఉండొచ్చు. వరసగా పట్టుకుంటూ పోయినా బయటి నుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది, తగ్గుదల కనిపించదు. వచ్చిపోయే జనాభాకు జాలీ, సీబర్ 1965లో చెప్పిన గుర్తుల పద్ధతి ఉంది. కానీ అందుకు వేలల్లో గుర్తులు, ఏళ్ల తరబడి పని కావాలి.

అక్కడ చేయగలిగింది రేవుల్లో నమూనా తీయడం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ దేశమంతటా తీరం వెంట ఇలాగే రేవులనూ, రోజులనూ చీటీ పద్ధతిలో ఎంచుకుని పట్టుబడిని అంచనా వేస్తుంది. తడ దగ్గర భీములవారిపాలెం రేవు లాంటి చోట నెలలో ముందే ఎంచుకున్న రోజుల్లో కూర్చోండి. ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, వాటిలో కొన్నింటిలో ఏ జాతి ఎంత, ఏ వల, ఎన్ని గంటలు అని రాయండి. పడవకు సగటును పడవల సంఖ్యతో, నెలలో వేటకు వెళ్లిన రోజులతో గుణిస్తే నెల పట్టుబడి వస్తుంది. అది సరస్సులో ఉన్న చేపల సంఖ్య కాదు, అందులోంచి తీసింది మాత్రమే. పెరుగుతోందా తగ్గుతోందా అన్నదానికి పడవ గంటకు ఎంత పడిందో చూడాలి, అదీ జాతివారీగా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలల అంకెల్ని మిగతా నెలలతో కలిపి సగటు తీయకండి.

ఇక ఎంపిక

నలభై యాభై ఎకరాల చెరువు, లీజు తీసుకునే సంఘం అయితే ఫిబ్రవరి, మార్చిలో వరసగా నాలుగైదు రోజుల తగ్గుదల పద్ధతి, వేసవి చివరి పట్టుతో సరిచూడటం. నీళ్లు నిండుగా ఉండగానే అంకె కావాల్సి వస్తే, మనుషులూ ఓపికా ఉంటే గుర్తుల పద్ధతి. పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ లాంటి జలాశయమైతే మొత్తం సంఖ్య కోసం పాకులాడొద్దు. స్థిరమైన చోట్ల, స్థిరమైన వలలతో, ప్రతి ఏడాది అదే నీటిమట్టం దగ్గర వలకు ఎంత పడిందో రాయండి. అయిదేళ్లు వదలకుండా రాస్తే, ఒక్క ఏడాది ఆర్భాటంగా చేసిన సర్వే కంటే ఎక్కువ చెబుతుంది. విద్యార్థులకైతే ఒకే చెరువులో గుర్తుల పద్ధతి, తగ్గుదల పద్ధతి రెండూ చేసి పోల్చమంటాను. గుర్తు పెట్టి వదిలి, వారం తర్వాత తగ్గుదల కోసం పట్టేటప్పుడే గుర్తులు లెక్కపెట్టొచ్చు, ఒకే పనిలో రెండు అంచనాలు. రెండూ దగ్గరగా వస్తే నమ్మకం పెరుగుతుంది. గుర్తుల అంచనా బాగా ఎక్కువ వస్తే గుర్తు చేపలు చనిపోయాయేమో వెతకండి.

ఏది ఎంచుకున్నా పుస్తకంలో ఇవి ఉండాలి: తేదీ, చోటు, వల రకం, కన్ను సైజు, పొడవు, వేసిన సమయం, తీసిన సమయం, నీటి విస్తీర్ణం లేదా గేజీ మట్టం, జాతివారీగా చేపల సంఖ్య, బరువు. ఏమీ పడని వలకు కూడా ఒక వరస రాసి సున్నా వేయండి. ఖాళీ వలల్ని రాయకపోతే సగటు పెరిగిపోతుంది, చేప తగ్గిన ఏడాదే అవి ఎక్కువగా ఉంటాయి. ఇళ్లకు పంచుకున్నదీ, కూలీకి బదులుగా ఇచ్చిందీ, దారిలో అమ్మిందీ రాయకపోతే తగ్గుదల లెక్క మొత్తం తప్పుతుంది. అందుకే తూకం గట్టు మీదే, చేప పంచకముందే వేయండి. రాసే మనిషి ఏడాదంతా ఒక్కరే ఉంటే ఇంకా మంచిది.